సీటు బెల్టు పెట్టుకున్న మంచు

మనిషికన్నా మంచు గొప్పది! ఈ మాట అంటున్నది ఏ వేదాంతో కాదు. గ్రీన్‌లాండు వాయవ్య తీరాన తుత్తులిక్ అనే ఊళ్ళో, హెలికాప్టర్ దిగేచోట మనుషుల్నీ సామాన్నీ తూకం వేసే ఏనోక్‌ని, నేను. తూకం దగ్గర నిలబడ్డవాడికి తెలియకపోతే ఎవరి విలువ ఎంతో ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి!

మా ఊళ్ళో కొందరు ఊరికే సణుగుతుంటారు. వేసవి వస్తే చాలు, శాస్త్రవేత్తలు దిగబడతారట. ఉన్న ఒక్క హెలికాప్టరూ వాళ్ళకే చాలదట. ఎంత కృతఘ్నులో చూడండి! వాళ్ళు రాకముందు మన బతుకేమిటి? ఇక్కడ చలిగా ఉంటుందని మనకు తెలుసా? సరే, తెలుసనుకోండి. దశాంశాలతో సహా తెలుసా?

ఎలుగుబంటి మెడకు పట్టీ కట్టారు. అది ఏ దిబ్బ వెనక కునుకు తీస్తోందో ఇవాళ మూడు దేశాల్లో తెలుస్తుంది. నేనెక్కడున్నానో మా ఆవిడకే తెలియదు. మంచు కరిగిపోతోందని మనతో ఒక్క మాట చెప్పడానికి పాపం మూడు విమానాలు మారి మరీ వస్తారు. అంత శ్రమ మన చుట్టాలెవరైనా పడ్డారా?

ఇక అసలు సంగతికొస్తాను. నాకు బిబియానె అని ఒక మేనత్త ఉంది. సీలు తోలుతో బూట్లు కుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. కానీ రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. ఆ రోజుల్లో నాకు కుట్టిన జతలో రెండూ ఎడమకాలివే. వాటినే తొడుక్కుని తిరిగాను. అత్త కదా! ఆవిడ్ని తలుచుకుంటే బాధేసేది, నడిస్తే ఇంకా బాధేసేది.

కంటి డాక్టరు పట్నానికి ఏడాదికి ఒక్కసారి, ఆగస్టు చివర్లో ఒక వారం వస్తాడు. పడవలో పోదామంటే దారి పొడుగునా విరిగిపడ్డ మంచుకొండలే. కాబట్టి హెలికాప్టరే గతి.

మొదటి ఏడాది అత్త సీట్లో శాస్త్రవేత్తలు పోగుచేసిన సముద్రపక్షుల రెట్ట వెళ్ళింది. మంచి చల్లపెట్టెలో, పేరూ ఊరూ రాసిన చీటీతో దర్జాగా వెళ్ళింది. రెండో ఏడాది సముద్రం అడుగున తీసిన బురద వెళ్ళింది. "అత్తా, ఈసారికి బురద" అని చెప్పాల్సిన ఖర్మ నాదే. "పోన్లేరా, దానికేం అవసరమొచ్చిందో" అంది అత్త.

న్యాయంగా ఆలోచించండి. సీట్లు ముందుగా బుక్ చేసుకున్నది వాళ్ళు. పైగా రెట్ట ఆలస్యమైతే చెడిపోతుంది. అత్త చెడిపోదు కదా! డెబ్బై ఏళ్ళు దాటినా ఈ వాతావరణంలో నిక్షేపంలా నిలవుంది.

మూడో ఏడాది, అంటే పోయిన వేసవిలో, మంచు వంతు వచ్చింది. ప్రొఫెసర్ హెనింగ్ గారి బృందం లోపలి మంచు మైదానం మీద లోతుగా తొలిచి, దుంగల్లా కోసి తెచ్చిన మంచు అది. సామాను అర నిండిపోగా ఒక పెట్టె మిగిలిపోయింది. దాన్ని అత్త సీట్లో కూర్చోబెట్టాలన్నారు. సీటు బెల్టు కూడా పెట్టాలట! మంచు తప్ప మరేమీ పండని దేశం నుంచి మంచు ఇంత మర్యాదగా పైదేశం వెళ్తుంటే గర్వపడొద్దూ మనం?

అంతలో పొగమంచు కమ్మింది. హెలికాప్టర్ రాలేదు. పెట్టెలన్నీ కరిగిపోకుండా ఊరి చేపల ఫ్రీజరు గదిలో ఒక మూల పెట్టించాను.

ఆ సాయంత్రం అత్త మనవడి పుట్టినరోజు. పుట్టినరోజంటే మాకు పిలుపులుండవు, తలుపు తీసి పెట్టడమే. ఊరంతా వస్తుంది, కాఫీ తాగుతుంది, కేకు తింటుంది, గుమ్మం దగ్గర బూట్లు వెతుక్కుని పోతుంది. శాస్త్రవేత్తలూ వచ్చారు. కాఫీకి మేం మంచుకొండ ముక్కలే కరిగిస్తాం. మంచు ఎంత పాతదైతే అంత చిటపటలాడుతుంది, కాఫీకి అంత రుచి.

ప్రొఫెసర్ గారు మూడో కప్పు అందుకుంటూ, "జన్మలో ఇలాంటి కాఫీ తాగలేదమ్మా! ఏం కలుపుతారేంటి ఇందులో?" అన్నారు.

"కలిపేదేముంది బాబూ, మంచి పాత మంచు, అంతే. ఇంకాస్త పొయ్యనా?" అంది అత్త.

మర్నాడు ఒక పెట్టె మూత తీస్తే లోపల చల్లగాలి తప్ప ఏమీ లేదు. ప్రొఫెసర్ గారికి నిన్నటి 'పాత మంచు' గుర్తొచ్చింది. ఇద్దరం అత్త ఇంటికి పరిగెత్తాం.

"అమ్మా, అది ముప్పై వేల ఏళ్ళనాటి మంచమ్మా!"

"అదా సంగతి! అందుకేగా మీరు మూడు కప్పులు లాగించారు."

"ముట్టుకోవద్దని ఎర్రక్షరాలతో ఇంతింత రాసుంది కదమ్మా పెట్టె మీద!"

"నాకు కళ్ళు కనబడవు నాయనా. మావాడు చెప్పలేదూ మీకు? మూడేళ్ళ బట్టి డాక్టరు దగ్గరికి పోదామనే చూస్తున్నా."

ఊరివాళ్ళ మంచు గోనెసంచుల్లో ఫ్రీజరు గది గుమ్మం పక్కనే ఉంటుంది. దాన్ని దాటి, సీలు మాంసం దాటి, చేపల తట్టలు దాటి, మూలనున్న పెట్టె దగ్గరికి చూపులేని ఆడమనిషి తడుముకుంటూ ఎలా వెళ్ళిందని మీరడగొచ్చు. నేను మాత్రం అడగలేదు. పెద్దవాళ్ళను అలాంటివి అడగకూడదు.

నిజం చెప్పొద్దూ, ప్రొఫెసర్ గారిని చూస్తే జాలేసింది. మూడు వేసవుల కష్టంలో ఒక పెట్టెడు ఊరందరి పొట్టలోకి పోయింది. అందులో ఆయన వాటా కూడా తక్కువేం కాదు. అయినా మంచివాడు. పొగమంచు విడిపోగానే ఖాళీ అయిన ఆ సీట్లోకి అత్తను చెయ్యిపట్టి ఎక్కించాడు, సంచీ కూడా తనే మోశాడు.

కుడికన్ను బాగుచేయించుకుని, ఎడమది వచ్చే ఏడాదికి ఉంచుకుని అత్త తిరిగొచ్చింది. హెలికాప్టర్ దిగీ దిగగానే నా కాళ్ళ వంక చూసింది.

"ఎవత్తిరా ఈ బూట్లు కుట్టిన గుడ్డిది?"

"ఎవరో లే అత్తా" అన్నాను. సంతోషంతో ఏడుపొచ్చేసింది నాకు.

ఈ ఏడు అత్త నెలరోజుల ముందే సంచీ సర్దుకుని కూర్చుంది. ఆగస్టు చివరి వారం వచ్చింది, పట్నానికి డాక్టరూ వచ్చాడు. మా ఊరికి హెలికాప్టరూ వచ్చింది. అందులోంచి ఆరుగురు దిగారు. వారమంతటికీ దాన్ని వాళ్ళే అద్దెకు తీసుకున్నారట. మా ఊళ్ళో పని కాగానే ఇంకా ఉత్తరానున్న ఊళ్ళకు పోతారట, పట్నం వైపు పోరట. వాళ్ళ పరిశోధన ఏమిటయ్యా అంటే, మారుమూల ఊళ్ళలో ముసలివాళ్ళు కంటి వైద్యానికి ఎందుకు వెళ్ళరన్నది.

అయినా తూకం వేసేవాడికి అభిప్రాయాలు ఉండకూడదు. ఆరుగురినీ తిన్నగా అత్త ఇంటికే తీసుకెళ్ళాను. వాళ్ళల్లో పెద్దావిడ ఎంతో నెమ్మదస్తురాలు. అత్త పక్కన కూర్చుని, చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"రెండో కన్ను ఇంకా అలాగే ఉంచుకున్నారేం అమ్మమ్మా? డాక్టరు వచ్చాడు కదా, ఎందుకు వెళ్ళడం లేదు? భయమా? నమ్మకం లేకా?"

అత్త బాగైన కంటితో కిటికీలోంచి బయటికి చూసింది.

"భయం లేదు, ఏం లేదు తల్లీ. అదిగో, మీరు నిలబెట్టుకున్నారే హెలికాప్టరు, నేనెక్కాల్సింది అదే."

ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దావిడ అత్త చెయ్యి ఇంకాస్త ఆప్యాయంగా నిమిరింది.

"మీకు ఇలా ఎప్పట్నుంచి అనిపిస్తోంది అమ్మమ్మా?"