చెరువు గట్టా? కొండ నెత్తా?

ఆ ఆదివారం ప్లానుబాబు నిద్ర లేస్తూనే ఒక నిశ్చయానికి వచ్చాడు. ఇవాళ ఏమైనా సరే, ఇంటికి స్థలం ఖాయం చేసెయ్యాలి. నెలల తరబడి నానుతున్న వ్యవహారం అది. చెరువు గట్టా, కొండ నెత్తా అన్న దగ్గరే బండి ఆగిపోయింది.

తొందరపడి అభినందించకండి. అది నిజం స్థలం కాదు, ఫోనులో ఆడే ఆట. అందులో మనిషిని కట్టుబట్టలతో ఒక పెద్ద దీవి మీద వదిలేస్తారు. చెట్లు కొట్టుకోవాలి, రాళ్ళు తవ్వుకోవాలి, చీకటి పడేలోగా తలదాచుకునే చోటు చూసుకోవాలి. లేకపోతే ఎక్కణ్ణించో దయ్యాలు దిగి మనిషిని పీకి పాకం పెడతాయి. బుద్ధున్నవాళ్ళు మొదటి రోజే ఎక్కడో ఒకచోట నాలుగు గోడలు లేపుకుంటారు. ప్లానుబాబూ అతని భార్యా మాత్రం పగలంతా స్థలాలు చూడటం, పొద్దుగూకితే గొయ్యి తవ్వుకుని పైన మట్టి కప్పుకుని కూర్చోవడం, తెల్లారితే మళ్ళీ స్థలాలు చూడటం. వాళ్ళ కాపురమంతా ఆ గోతుల్లోనే. ఎందుకంటే అసలు కాపురం ఇంకా మొదలే కాలేదు.

దానికి కారణం అతని నోరే. అతను ఒక ఇంజినీరు ఆఫీసులో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు ప్లానులు గీస్తాడు. పెళ్ళయిన వారానికి అత్తగారి ముందు ఒక కాగితం చుట్ట విప్పి, "ఈ ఇల్లు కట్టాకే మీ అమ్మాయిని తీసుకెళ్తానండీ" అని ఓ కోత కోశాడు. ఎవరూ అడగలేదు. అన్నాక వెనక్కి తీసుకోవడం నామోషీ అయింది. ఆ ఇల్లు కాగితం మీది నుంచి కిందికి దిగలేదు. భార్య వేరే ఊళ్ళో, తల్లి దగ్గరే ఉండిపోయి, అక్కడి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేసుకుంటోంది. ఇతను ఒక మేడ కింద అద్దెగదిలో ఉంటూ సాయంత్రం ఎప్పుడవుతుందా అని గోడ గడియారాన్ని తిట్టుకుంటూ బతుకుతున్నాడు. ఆమె మీద బెంగతో మనిషి సగమయ్యాడు. సాయంత్రమైతే ఇద్దరూ ఎవరి ఊళ్ళో వాళ్ళు ఫోనులో మాట్లాడుకుంటూ ఆ దీవి మీద కలుసుకుంటారు.

నిన్న సాయంత్రం గోతిలో కూర్చుని ఆమె, "ఎన్నాళ్ళు ఇలా గోతుల్లో?" అంది. ఆ ప్రశ్న గొయ్యి గురించి కాదని అతనికి తెలుసు. అయినా తన చేతిలో ఉన్నది గొయ్యే కాబట్టి, ముందు దాన్నే మారుద్దామనుకున్నాడు.

గదిలో ఆ పూట సిగ్నలు అందలేదు. మెట్ల మీదికి వచ్చి ఫోన్ చేశాడు. కింది మెట్టు మీద ఇంటిగలావిడ బఠానీలు ఒలుస్తోంది. ఆవిడ మనసు వెన్న, నోరు మాత్రం మైకు.

"ఇవాళ తేల్చేద్దాం. నీ మాటే నెగ్గింది. చెరువు గట్టునే కడదాం" అన్నాడు ప్లానుబాబు.

అవతల ఆమె నమ్మలేదు. "నిజంగానా? కొండ కావాలని అంత గోల చేశావుగా?"

"కొండ మీదైతే ఎవరొస్తున్నారో దూరం నుంచే కనిపిస్తుంది, నిజమే. కానీ నీకు కిటికీలోంచి నీళ్ళు కనబడాలిగా! చెట్లన్నీ నేను కొట్టేస్తాను. నువ్వు రాళ్ళు అందిస్తే సాయంత్రానికి గోడలు లేస్తాయి."

"అంత తొందరేముంది?" ఆమె గొంతు తగ్గింది. "ఉత్తరం వైపు ఇంకా చూడనేలేదుగా."

"ఇంకా ఎన్నాళ్ళు చూస్తాం?"

"డ్యూటీకి టైమవుతోంది. సాయంత్రం మాట్లాడుకుందాం" అని ఆమె పెట్టేసింది.

అతను దిగాలుగా మెట్లు దిగుతుంటే ఇంటిగలావిడ బఠానీల గిన్నె పక్కన పెట్టింది. అతని వైపు మాటలు ఒక్కటి కూడా పొల్లు పోకుండా విన్నదావిడ.

"ఏం బాబూ, ఇల్లు కడుతున్నావా?"

"ఆఁ, పిన్నిగారూ. ఇవాళే మొదలు." మనసు ఎక్కడో ఉన్న మనిషి, నోటికొచ్చింది చెప్పాడు.

"స్థలం ఎవరి దగ్గర కొన్నావు?"

"కొనేదేముంది? అది ఎవరిదీ కాదు. ముందు వెళ్ళి పాతుకున్నవాడిదే."

"అమ్మో! చెరువు గట్టున? ఎవరూ అడగరూ?"

"పగలు ఎవరూ రారండీ. చీకటి పడ్డాకే వస్తారు. ఆలోగా కప్పు పడిపోవాలి. లేకపోతే మొత్తం కూల్చేస్తారు."

ఇంత చెప్పి అతను హడావిడిగా ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఒక తొందర కేసు ప్లాను ఆదివారమైనా పూర్తి చేసివ్వాలి. వెళ్తూ ఫోన్ మూగబెట్టాడు. ఆ రోజు అతను చేసిన తప్పులన్నిట్లోకీ పెద్దది అదే.

ఇంటిగలావిడకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, ఈ కుర్రాడు చెరువు గట్టు ఆక్రమిస్తున్నాడు. రెండు, గది ఖాళీ అవుతోంది. మొదటిది ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకుని, కుళాయి దగ్గర ప్లంబరుకూ, మలుపులో దర్జీకీ మాత్రం చెప్పింది. రెండోది, గది కోసం ఎప్పటినుంచో కాళ్ళరిగేలా తిరుగుతున్న ఒక బస్సు కండక్టరుకు కబురు చేసింది. ఆ తర్వాత, అబ్బాయి తరఫున ఇంత మంచి వార్త మోసే పెద్దదిక్కు తనే కదా అని, అతని అత్తగారికి ఫోన్ చేసింది.

అత్తగారు రైల్వే టికెట్ల కౌంటరులో పని చేస్తారు. ఏ విషయమైనా కిటికీ అవతల మనిషిని అడిగినట్టే అడుగుతారు.

"ఎక్కడ? ఎప్పుడు? ఖాయమేనా?"

"చెరువు గట్టునండీ. సాయంత్రానికి కప్పు పడిపోతుందట. చీకటి పడేలోగా అయిపోవాలట."

అత్తగారు ఫోన్ పెట్టేశారు. రోజూ సాయంత్రం తన కూతురు గది తలుపేసుకుని ఫోనులో "నీళ్ళ పక్కనే కడదాం, కిటికీ తూర్పుకే పెడదాం" అనడం ఆవిడ వింటూనే ఉన్నారు. అంటే ఇద్దరూ కూడబలుక్కుని తనకు తెలియకుండా ఇల్లు కట్టేస్తున్నారన్నమాట! కోపమూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. కిటికీ మూసేసి ఇంటికి వెళ్ళి, కూతురి బట్టలూ, పుస్తకాలూ, ఆ పిల్ల చిన్నప్పటి నుంచి వదలని దిండూ రెండు పెట్టెల్లో సర్దేశారు. అల్లుడికి ఫోన్ మీద ఫోన్ చేశారు. అది పలికితే కదా!

మధ్యాహ్నం దాటాక ప్లానుబాబు ఇంటికి వచ్చేసరికి అతని పరుపు మెట్ల మీద ఉంది. గదిలో ఎవరో కొత్త జంట చీపురుపుల్లతో గోడ కొలుస్తున్నారు.

"మంచం అడ్డంగా వేస్తే తలుపు పడదు" అంటోంది ఆ అమ్మాయి.

"నిలువుగా వేద్దాంలే" అని, కండక్టరు గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి నవ్వాడు. "రండి రండి. సొంతింట్లోకి వెళ్తున్నారటగా. అదృష్టవంతులు!"

ప్లానుబాబు అక్కడ నిలవలేదు. పరుగున వెళ్ళి ఇంటిగలావిణ్ణి పట్టుకున్నాడు. "పిన్నిగారూ! అది ఆటండీ. ఫోనులో ఆట!"

"నా దగ్గర దాచకు బాబూ" ఆవిడ గొంతు తగ్గించింది. "నేనెవరికీ చెప్పను."

ఆ మాట పూర్తి కాకముందే ప్లంబరు వచ్చి, గట్టు మీద పైపుల పని తనకే ఇవ్వాలన్నాడు. వెనకే దర్జీ వచ్చి, తనకూ పక్కన చిన్న ముక్క చూసిపెట్టమని బతిమాలాడు. "గట్టు పొడుగ్గానే ఉంటుంది కదా బాబూ, మీకొక్కరికే ఎందుకు?" అని నిష్ఠూరమాడాడు కూడా. అది ఆట అని ప్లానుబాబు ఎంత మొత్తుకుంటే, అంత గడుసువాడనుకున్నారు.

ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది. ముందు రెండు పెట్టెలు దిగాయి. తర్వాత అత్తగారు. ఆ వెనక, ల్యాబు కోటు కూడా విప్పకుండా, అతని భార్య.

ఆమెను చూడగానే అతనికి మిగతా ప్రపంచం కనబడలేదు. ఎంతోకాలం తర్వాత ఆమెను ఎదురుగా చూస్తున్నాడు. చిక్కిపోయింది. ఆమె అతని వైపు ఒక్కసారి చూసి, తలొంచుకుంది.

"ఎక్కడ? ఎంత దూరం? నడవచ్చా, ఆటో ఉంచనా?" అన్నారు అత్తగారు.

"అత్తయ్యగారూ, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు అల్లుడుగారూ. ఇల్లు చూపించండి."

ఇక తప్పలేదు. ఫోన్ తీసి ఆట తెరిచి ఇచ్చాడు. అత్తగారు పెట్టె మీద కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకున్నారు. తెర మీద చెరువుంది, దూరంగా కొండ ఉంది. మధ్యలో మట్టి కప్పిన గొయ్యి.

"ఇదేమిటి?"

"మా... మేముండేది అదేనండీ."

"గోతిలోనా? నా కూతుర్ని గోతిలో ఉంచుతున్నారా?"

ప్లంబరు నవ్వాపుకోలేక కుళాయి వైపు వెళ్ళిపోయాడు. దర్జీ మొహం వేలాడేసుకుని అతని వెనకే నడిచాడు. అత్తగారు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూతురి వైపు తిరిగారు.

"నీకు తెలుసా ఇది ఆటని?"

"తెలుసు."

"మరి దారి పొడుగునా నోరు మెదపలేదేమే?"

"నువ్వు పెట్టెలు సర్దేశావమ్మా" అందామె. "చెప్తే మళ్ళీ విప్పేస్తావు."

అత్తగారు అల్లుడి వైపు తిరిగారు.

"ఇల్లు కట్టాకే తీసుకెళ్తానన్నది మీరు. నేనడిగానా? మీరొచ్చిన ప్రతిసారీ 'అమ్మాయిని పంపించండి' అంటారేమోనని చూశాను. మీరు కాఫీ తాగి లేచి వెళ్ళిపోతారు!"

"ఇల్లు లేకుండా ఏ ముఖం పెట్టుకుని అడగనండీ?"

"ఇదిగో, ఈ ముఖమే పెట్టుకుని!"

అతను పెట్టె పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

"పోనీ, ఆ ఆటలో ఇల్లు కట్టడానికేం అడ్డమొచ్చింది? అక్కడ స్థలం ఊరికేగా?" అత్తగారు వదల్లేదు.

ప్లానుబాబు నేల చూపులు చూశాడు. "కట్టేస్తే... ఇక రోజూ సాయంత్రం తనకి నాతో పనేముంటుందండీ? స్థలం తేలనంతకాలం ఫోన్ చేస్తుంది కదా అని."

భార్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. "నేనూ అందుకే కొండ వద్దన్నానండీ. నాకు కొండైనా ఒకటే, గట్టైనా ఒకటే." తల్లి ఎదుట కాబట్టి 'అండీ' చేర్చింది.

ఇంటిగలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంత గొడవా తన నోటివల్లే అని ఆవిడకు అప్పటికి తట్టింది. గది చూస్తే కండక్టరుకు మాట ఇచ్చేసింది. "డాబా మీద ఒక గది ఉంది. విరిగిన కుర్చీలు పడేశాను. చిన్నదే, కానీ గాలీ వెలుతురూ ఉంటాయి" అంది మెల్లగా.

అందరూ పైకెక్కారు. గది నిజంగానే చిన్నది. తలుపు ముందు నిలబడితే వీధి ఆ చివర నుంచి ఈ చివరదాకా కనిపిస్తోంది. గేటు తీసేదెవరో ఇక్కణ్ణించే చెప్పొచ్చు. తూర్పు కిటికీ తెరిస్తే, చేయి చాపితే అందేంత దూరంలో నీళ్ళ ట్యాంకు. ఎవరు మోటారు ఆపడం మరిచిపోయారో, అది నిండి పొంగి డాబా మీద బారున పారుతోంది.

భార్య కిటికీ దగ్గరే నిలబడిపోయింది. ప్లానుబాబు తలుపు దగ్గర నిలబడిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. చీకటి పడేలోగా పెట్టెలూ పరుపూ లోపలికి చేరాయి. విరిగిన కుర్చీలు మోసింది కండక్టరు. అత్తగారు గది నాలుగు మూలలూ చూసి, "పొయ్యి ఆ పక్కన పెట్టుకో" అని కూతురి తల నిమిరి, తిరుగు బండికి వెళ్ళిపోయారు.

వారం తిరిగేసరికి ఆవిడే ఫోన్ చేశారు. సాయంత్రమయ్యేసరికి ఇంట్లో గది తలుపు వెనక మాటలు వినబడక ఏమీ తోచడం లేదట. ఆ దిక్కుమాలిన ఆట తన ఫోనులో కూడా ఎక్కించమన్నారు. ఎక్కించారు. ఇప్పుడు గోతిలో ముగ్గురుంటున్నారు. ఇక నానబెట్టాల్సిన పని లేదు కనుక, గట్టు మీదే కట్టేద్దామని అల్లుడూ కూతురూ ఒక్కమాట మీద ఉన్నారు.

అత్తగారు మాత్రం ఉత్తరం వైపు ఇంకా చూడనేలేదంటున్నారు.