ఆరితే నీలమే

పండుగ ముందురోజు పొద్దున ఎవిలాజియో పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, రాష్ట్ర బడ్జెట్లో తమ ఊరి ఆనకట్టకు జరిగిన అన్యాయం మీద ఘాటుగా నాలుగు ముక్కలు రాసి తన బ్లాగులో పెట్టాలి. "మా కిటికీ" అనే ఆ బ్లాగు చదవనిదే పెద్రా దో ఉంబు ఊళ్ళో ఎవరికీ ముద్ద దిగదని ఎవిలాజియో నమ్మకం. గవర్నరు తుమ్మినా, పాదిరీగారి గాడిద తప్పిపోయినా అందులో సమాన గౌరవంతో వెలువడేవి.

కిటికీ తెరిచాడు. ఎదురింటి జోజివాన్ నిచ్చెనెక్కి గోడకు నీలం రంగు వేస్తున్నాడు.

జోజివాన్ మొన్నటిదాకా మంగలి దుకాణం నడిపినవాడు. కిందటేడు తానూ ఒక బ్లాగు పెట్టాడు. వాక్యానికి నాలుగు తప్పులు, అయినా జనం ఎగబడి చదువుతారు. ఎవరి పెళ్ళాం ఎవరితో రెండుసార్లు నాట్యం చేసిందో అందులో ఉంటుంది మరి. అంతవరకూ ఎవిలాజియో పళ్ళబిగువున భరించాడు. కానీ నీలాన్ని భరించడం అతని వల్ల కాలేదు.

ఆ ఊళ్ళో ఉన్నవి రెండే పక్షాలు, నీలం వాళ్ళు, ఆకుపచ్చ వాళ్ళు. గుమ్మం రంగు చూస్తే చాలు, ఆ ఇంటి ఓట్లు ఎటో చెప్పేస్తారు. నీలం పక్షపు శాసనసభ్యుడు డాక్టర్ వాల్దెమీర్. ఆయనకు సూది గుచ్చడం కూడా రాదు, అయినా ఆ ప్రాంతంలో శాసనసభ్యుణ్ణి డాక్టరనే పిలుస్తారు. ఏటా యోహాను పేర జరిగే ఈ సావ్ జోవావ్ పండుగనాడు ఆయన ఎవిలాజియో ఇంట్లోనే మేకమాంసం తింటాడు. ఊళ్ళో ఎవిలాజియో మాటకు విలువంటూ ఉంటే అది ఆ భోజనం వల్లే.

"అయిపోయింది జులేడా! డాక్టరుగారు ఈసారి వాడింట్లో తింటున్నారు. లేకపోతే గోడకి నీలమెందుకు?"

"చెమ్మ పట్టిందేమో" అంది భార్య, మొక్కజొన్న తురుముతూ.

"చెమ్మా? ఈ ఊళ్ళో వాన మొహం చూసి మూడేళ్ళయింది!"

"అయితే సరదాకి వేసుకుంటున్నాడు. నీకెందుకయ్యా ఆ ఏడుపు?"

ఎవిలాజియో అప్పటికే చొక్కా తగిలించుకుని వీధిలో పడ్డాడు. దుకాణంలో నీలం రంగు డబ్బా ఒక్కటి కూడా లేదు, అన్నీ జోజివాన్ పట్టుకుపోయాడు. మిగిలింది సున్నంలో కలిపే నీలం పొడి, అదీ ఒకే పొట్లం. గోడంతటికీ రావాలని ఎవిలాజియో అందులో నీళ్ళు ధారాళంగా పోశాడు. ఇంటికి అంతకుముందున్నది పసుపు. తాను ఏ పక్షమూ కాదని చాటడానికి స్వయంగా వేయించుకున్న చిక్కటి పసుపు. దాని మీద ఈ నీలం నీళ్ళు పూయసాగాడు.

జులేడ బయటికొచ్చి తల అటూ ఇటూ వంచి చూసింది. "ఏమయ్యా, ఇది ఆకుపచ్చలా ఉందే."

"తడిమీద అలాగే ఉంటుంది. ఆరితే నీలమే."

అక్కడి ఎండకు అది ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆరాక చిలక వాలితే కనబడనంత ఆకుపచ్చగా తేలింది.

అటుగా పోతున్న రొట్టెల దుకాణం ఆవిడ శిలువ గుర్తు వేసుకుని పరుగందుకుంది. కాసేపటికల్లా ఆకుపచ్చ పక్షం పెద్దావిడ డోనా మార్లూసి, డోలు వాయించేవాణ్ణి వెంటబెట్టుకుని, చేతిలో మొక్కజొన్న కేకుతో దిగింది.

"ఎన్నాళ్ళకు కళ్ళు తెరిచావు నాయనా!" అంటూ కౌగిలించుకుంది.

"అబ్బే, ఇది నీలం తల్లీ..."

"భయపడకు. మేమున్నాంగా!"

ఆ కౌగిలిని జోజివాన్ నిచ్చెన మీంచే ఫోటో తీశాడు. "తిన్నింటివాసాలు లెక్కపెట్టిన ఎవిలాజియో" అని తన బ్లాగులో పెట్టాడు. ఆ ఒక్క ముక్కలో మాత్రం తప్పులు లేవు. అది చూడగానే ఎవిలాజియో బావమరిది, నీలం పక్షం మనిషి, వచ్చి, పండుగకని తానిచ్చిన మేకను తాడుతో సహా లాక్కుపోయాడు.

"ఒరేయ్, రంగు తేడా కొట్టిందిరా! నా మాట విను!"

"మేక కావాలంటే మీ ఆకుపచ్చోళ్ళనే అడుక్కో బావా!"

అడగక్కర్లేకుండానే డోనా మార్లూసి ఇంకా బలిసిన మేకను పంపింది. దాన్ని చూసి వీధి వీధంతా నమ్మేసింది. ఎవిలాజియో ఇక సిగ్గు చంపుకుని ఎదురింటి నిచ్చెన కింద నిలబడ్డాడు.

"జోజివాన్, ఒక్క డబ్బా ఉంటే ఇవ్వరా. నీ మేలు మరిచిపోను."

"ఉంది బాబాయ్. మా కుక్కగూటికి దాచా."

మర్నాడు జోజివాన్ గుమ్మంలో నీలం కాగితాల తోరణాలు, నీలం గుడ్డ పరిచిన బల్ల. వీధి చివర కారాగింది. ఎవిలాజియో తలుపు చాటున నిలబడి, తన పరువు ఎదురింట్లోకి నడిచి వెళ్ళడం చూడటానికి సిద్ధపడ్డాడు.

కారులోంచి డాక్టర్ వాల్దెమీర్ ఆకుపచ్చ చొక్కాలో దిగాడు.

ఆయన నేరుగా ఎవిలాజియో గుమ్మానికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీకెవరు చెప్పారయ్యా? పక్షం మారుతున్నానని మా ఆవిడక్కూడా చెప్పలేదు! నువ్వు ఏకంగా గోడకే రాసేశావు!"

ఎవిలాజియో నోరు తెరిచాడు. జులేడ వెనకనుంచి గిల్లింది. "రాజకీయం వాసన పట్టాలి డాక్టరుగారూ" అన్నాడు.

"అదీ జర్నలిస్టంటే! నిజం చెప్పనా, ఈసారి భోజనం ఆ ఎదురింటి కుర్రాడి దగ్గరే ఒప్పుకున్నా. నీ గోడ ఫోటో చూశాక మనసు మార్చుకున్నా."

డోలు మోగింది. డోనా మార్లూసి కళ్ళొత్తుకుంది. బావమరిది మొదటి మేకను కూడా తోలుకొచ్చి, "నాకు ముందే తెలుసు" అంటూ బల్ల దగ్గర చేరాడు. కిటికీ ఎదురుగా ఎవిలాజియో కూర్చున్నాడు. పక్కన డాక్టరుగారు, పళ్ళెంలో మేకమాంసం, ఊరంతా తన గుమ్మంలో. అవతల జోజివాన్ ఒంటరిగా తోరణాలు విప్పుకుంటున్నాడు.

ఇంతకంటే మనిషికేం కావాలి? ఎవిలాజియో ముక్క నోట్లో పెట్టుకుంటూ ఎదుటి గోడవైపు చూశాడు. ఎక్కడా చార లేదు, మచ్చ లేదు. వెధవ, రంగు ఎంత నున్నగా వేశాడో అనుకునేసరికి ముద్ద గొంతు దిగలేదు.