తాత్కాలికపు తొట్టి

పెళ్ళైన కొత్తలో మంచం కోడు విరిగితే ఆయన ఓ ఇటుక తెచ్చి కింద పెట్టి, "తాత్కాలికమేలే" అన్నాడు. కూతురు కాలేజీకొచ్చింది, ఇటుక మాత్రం అక్కడే ఉంది. కారే కుళాయికి చుట్టిన గుడ్డ తాత్కాలికం. గొళ్ళెం ఊడిన తలుపుకి కట్టిన తాడు తాత్కాలికం. అందుకే పోస్టాఫీసులో తోటి గుమాస్తాల దగ్గర్నించి కన్నతల్లి దాకా అందరూ ఆయన్ని తాత్కాలికం అనే పిలుస్తారు.

ఈ తాత్కాలికానికి చేపల పిచ్చి. హాల్లో ఓ అక్వేరియం ఉంది. రెండోది కావాలి. "రెండోది గుమ్మం తొక్కిందా, మిమ్మల్నే అందులో ముంచుతాను" అని భార్య ఏనాడో తీర్పు చెప్పేసింది. ఆవిడ టైలరు. కొలతా తప్పదు, మాటా తప్పదు.

ఓ ఆదివారం ఆయన చిన్న గాజు తొట్టీ, సంచిలో రెండు ఎర్ర చేపలూ పట్టుకుని దిగాడు.

"ఏమిటది?"

"ట్యాంకు కాదోయ్, క్వారంటైన్! కొత్త చేపల్ని తిన్నగా పాతవాటిలో కలిపితే జబ్బులు అంటుకుంటాయి. నాలుగు వారాలు విడిగా ఉంచి చూడాలి. తర్వాత తీసేస్తాం. తాత్కాలికమే!"

అంటూనే పడగ్గదిలో కిటికీ పక్కనున్న కుట్టుమిషన్ని వంటింట్లోకి నెట్టేసి, ఆ చోట బల్ల వేసి తొట్టి పెట్టేశాడు. పాత అక్వేరియంలోంచి స్పాంజి ఫిల్టరు తీసి ఇందులో వేశాడు.

"ఆ స్పాంజి నెల్రోజుల్నించీ అందులో నానుతోందేం?"

"మంచి బాక్టీరియా పట్టాలంటే ముందునించీ నానబెట్టాలి మరి" అనేసి నాలిక్కరుచుకున్నాడు. కుట్ర నెల్రోజుల నాటిదని ఆవిడకి తెలిసిపోయింది.

నాలుగు వారాలయ్యాయి. "తెల్ల మచ్చ కనిపించింది. మళ్ళీ మొదట్నించీ లెక్క" అన్నాడు. ఆ గడువూ తీరింది. "తోక వాల్చేసింది చూడు, పాపం!" అన్నాడు. ఆఫీసులో మాత్రం మీసం మెలేసి, "రెండో ట్యాంకు ఎలా కొట్టానో చూశారా!" అని చెప్పుకున్నాడు.

"ఏమండీ, బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు ఇచ్చెయ్యాలి. వంటింట్లో వెలుగు చాలక కాజాలు వంకర పోతున్నాయి. వాళ్ళు వెనక్కి తెచ్చి మొహాన కొడితే నా పేరేం కాను? నా కిటికీ నాకిచ్చెయ్యండి."

"అంటువ్యాధోయ్! ప్రాణాలతో చెలగాటమా?"

ఆవిడ కుట్టడం ఆపింది. "అంటువ్యాధా? అయితే ఆ తొట్టిలో వాడే వల పెద్దదాంట్లో పెట్టకూడదా?"

"అస్సలు!" అడిగినందుకే ఆయనకి హుషారొచ్చేసింది.

"బకెట్టు?"

"దేనిది దానికే."

"చెయ్యి?"

"అమ్మో! ఇందులో పెట్టిన చెయ్యి అందులో పెడితే కొంపలంటుకుంటాయి!"

"అలాగా" అని ఆవిడ మళ్ళీ సూది పట్టుకుంది.

మర్నాడు ఆయన లేచి హాల్లోకి రాబోతే గడప దగ్గర టైలరు సుద్దతో తెల్లటి గీత. కూతురు అడ్డం నిలబడింది. "నాన్నా, దాటకండి. రోజూ ఆ నీళ్ళలో చెయ్యి పెట్టేది మీరేగా!"

కంచం వేరు, గ్లాసు వేరు, తువ్వాలు వేరు. ఆఫీసుకి రాకపోకలు వరండా తలుపులోంచే. కాఫీ కప్పుని భార్య కొలబద్దతో గీత ఇవతలికి నెట్టింది.

"అమ్మా, నువ్వైనా చెప్పవే!"

"అంటువ్యాధి అంటున్నావుగా నాయనా, కాస్త ఎడంగా ఉండు" అంది తల్లి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటూ.

హాల్లో టీవీలో మ్యాచ్ అయిపోతున్నా ఓర్చుకున్నాడు. కానీ పెద్ద తొట్టిలో ఓ ముసలి చేప ఉంది, పేరు పెద్దాయన. రోజూ ఈయన వేలు చూస్తే చాలు, పైకొచ్చేసేది. అదిప్పుడు మేత వేసే భార్య చేతి వెనకాలే తిరుగుతుంటే, చూసి ఆయన గీత అంచుదాకా పరిగెత్తుకొచ్చాడు.

"వాటికేం రోగం లేదే! గుండ్రాళ్ళలా ఉన్నాయి!" అని అరిచేశాడు.

"మరి తెల్ల మచ్చ?"

"అద్దం మీద నీటి మరక."

"వాల్చేసిన తోక?"

"దాని తోక దానిష్టం!"

ఆ పూటే ఎర్ర చేపలు రెండూ పెద్దాయన దగ్గరికి చేరాయి. మిషను కిటికీ దగ్గరికి చేరింది. బడి తెరిచేనాటికి యూనిఫారాలన్నీ పిల్లల ఒంటి మీదున్నాయి, ఒక్క కాజా వంకర లేదు. ఇంకో బడి వాళ్ళు కూడా వచ్చి ఆర్డరిచ్చి వెళ్ళారు.

కనీసం ఖాళీ తొట్టైనా అటక మీద దాచుకుందామని ఆయన వెళ్ళి చూస్తే, అది తళతళలాడుతూ మిషను పక్కనే ఉంది. నిండా రంగురంగుల దారపు రీళ్ళు.

"అదేమిటోయ్, నా ట్యాంకు!"

ఆవిడ మిషను తొక్కుతూనే, తలెత్తకుండా, "కంగారుపడకండి, తాత్కాలికమే" అంది.

ఆయన మంచం కింది ఇటుక వంక చూశాడు.