ఉప్పు తగలని కారు

మనిషి కొనే వస్తువులన్నిటిలోకీ వాడకుండా ఉంచుకోవడానికే కొనేది ఒక్కటే ఉంది. అది టాపు తెరిచే స్పోర్ట్స్ కారు. ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించిన ఘనత అమెరికాలో లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు ఒడ్డునున్న మా గ్రానైట్ హార్బర్‌ది. మిగతా ప్రపంచంలో ఆ కార్లను ఇంకా నడుపుతున్నారని విన్నాం. వాళ్ళ ఖర్మ.

మా ఊరికి చలికాలం అక్టోబరులో వస్తుంది. మే నెలలో పొమ్మంటే మొహం మాడ్చుకుని పోతుంది. రోడ్ల మీద మంచు కరగడానికి లారీలతో ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండి అడుగున చేరిందంటే ఇనుము తుప్పు పట్టి పెచ్చులుగా రాలిపోతుంది. (నా పికప్ ట్రక్కులో కాళ్ళ కిందికి చూస్తే రోడ్డు కనిపిస్తుంది. దారి తప్పకుండా అదొక సౌకర్యం.) ఇంతవరకూ విజ్ఞాన శాస్త్రం. ఇక్కణ్ణుంచి కమిటీ.

కమిటీ పూర్తి పేరు గ్రానైట్ హార్బర్ టాపు తెరిచే కార్ల శీతకాల సంరక్షణ సంఘం. అధ్యక్షుడు క్లారెన్స్ ఓస్ట్‌బీ, రిటైరైన బ్యాంకు మేనేజరు. అడిగినవాడికి లేదనడం ఆయనకు వృత్తి రీత్యా అబ్బిన విద్య. ఉప్పు తనిఖీ అధికారి గోర్డన్ ఫెలాండ్, మా పక్కింటాయన. అక్టోబరు మొదలు గోర్డన్ రోజూ పొద్దున్నే హైవే దాకా నడిచి, వంగి, తారు మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకుంటాడు. ఉప్పగా తగిలిందా, ఫోన్లు మోగుతాయి. మధ్యాహ్నం భోజనాల లోపు ఊళ్ళోని టాపు తెరిచే కార్లన్నీ పాత చేపల ఫ్యాక్టరీ షెడ్డులోకి చేరాలి.

అక్కడ వాటికి జరిగే సేవలు మా ఊరి ఆస్పత్రిలో మనుషులకు జరగవు. స్నానం చేయించి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, అది చెడిపోకుండా మందు కలుపుతారు. చక్రాలు నేలకు ఆనకుండా దిమ్మెల మీదికి ఎత్తుతారు. బ్యాటరీకి చార్జింగు తీగ తగిలిస్తారు. సీట్ల కింద కలరా ఉండలు వేస్తారు. ఎలుకలు దూరకుండా పొగ గొట్టంలో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కుతారు. ఆపైన మెత్తటి ముసుగు కప్పి, తలుపు మెల్లగా మూసి, అందరూ కాసేపు మౌనంగా నిలబడతారు. (ఈ మౌనం నియమావళిలో లేదు. దానంతటదే వస్తుంది.)

విడుదల మాత్రం అంత తేలిక కాదు. ఆఖరి ఉప్పు పడ్డాక మొదటి మంచి వాన కురిసి రోడ్లు కడగాలి. ఏది మంచి వాన అన్నది మేఘాలు కాదు, కమిటీ నిర్ణయిస్తుంది. పోయినేడు ఏప్రిల్లో ఒక వానను ఉత్త జల్లని తోసిపుచ్చారు. ఇంకొకటి బ్రహ్మాండంగానే కురిసింది గానీ, అర్ధరాత్రి కురిసింది కాబట్టి సాక్షుల్లేరని కొట్టేశారు. ఎలా చూసినా మే సగం దాటాల్సిందే.

పోనీ ఎండాకాలమైనా నడుపుతారా అంటే, జూన్‌లో రోడ్లు బాగుచేస్తారు, కంకర ఎగిరి రంగు గీసుకుపోతుంది. జూలైలో పురుగులు అద్దానికి అంటుకుంటాయి. ఆగస్టు ఎండకు తోలు సీట్లు బీటలు వారతాయి. సెప్టెంబరులో ఆకులు రాలతాయి, అక్టోబరులో ఉప్పు పడుతుందన్న పుకారు లేస్తుంది. మధ్యలో దొరికిన ఒకటి రెండు ఆదివారాలు కారు కడగడానికి సరిపోతాయి.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థలోకి గోర్డన్ భార్య ఆర్డిస్ తన కళ్ళు తీసుకొచ్చింది.

ఆర్డిస్ నలభై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆమె రిటైరైన రోజున గోర్డన్ ఎర్ర రంగు రెండు సీట్ల కారు కొని తాళం చేతిలో పెట్టాడు. ఆ తాళం వంటింట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. షెడ్డు నుంచి ఇంటికి, ఇంటి నుంచి షెడ్డుకి గోర్డనే నడుపుతాడు. ఆమె చేతికిస్తే ఎక్కడ దూరం వెళ్ళిపోతుందోనని భయం. ఈ జనవరిలో కళ్ళ డాక్టరు ఆమెకు చూపు మధ్యలో మసక మొదలైందన్నాడు. పగటిపూట, మంచి వెలుతురులో ఇప్పటికైతే నడపొచ్చట. మార్చిలో ఆమె పుట్టినరోజుకు లైసెన్సు గడువు తీరుతుంది. అప్పుడు పెట్టే కంటి పరీక్షలో మాత్రం ఆమె నెగ్గదట. ఒక్కసారి, టాపు తీసి, సరస్సు పక్కనున్న దారిలో లైట్‌హౌసు దాకా తన కారు తను నడపాలన్నది ఆర్డిస్ కోరిక. అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు.

ఒక గురువారం బేకరీ వెనక గదిలో కమిటీ కూర్చుంది. నాకు అలాంటి కారు లేదు గానీ కాఫీ డబ్బా పక్కన నిలబడే హక్కు ఉంది. ఆర్డిస్ తన సంగతి చెప్పింది. గది అంతా తలలు వంచుకుని నిమ్మకాయ కేకు ముక్కలు తినసాగింది.

"అది కొంచెం... వేరేగా ఉందమ్మా," అన్నాడు క్లారెన్స్. (మా ఊళ్ళో ఇంతకు మించిన తిట్టు లేదు. ఒకాయన ఇల్లు కాలిపోయినప్పుడు కూడా ఇదే అన్నారు.)

"వేరేగానే ఉంది క్లారెన్స్. నా కళ్ళు గదా పోయేది, నాకూ వేరేగానే ఉంది," అంది ఆర్డిస్.

"అది కాదమ్మా. ఉప్పు తగిలిందంటే బండి బతుకు బండలే. తర్వాత ఏం అనుకున్నా లాభం లేదు. కాస్త ఓపిక పట్టు. మే ఎంతో దూరం లేదు."

"మే నాటికి నాకు లైసెన్సు ఉండదయ్యా బాబూ!"

"ఎందుకు, గోర్డన్ నడుపుతాడు. నువ్వు దర్జాగా పక్కన కూర్చో."

ఆర్డిస్ మొగుడి వైపు చూసింది. గోర్డన్ తన కాఫీ కప్పులోకి చూశాడు. అందులో మునిగి చావడానికి వీలుంటుందా అన్నట్టు చాలాసేపు చూశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారితోనే కాపురం.

"సరే అయితే," అంది ఆర్డిస్, కోటు తొడుక్కుంటూ.

మా ప్రాంతంలో ఆడవాళ్ళు "సరే అయితే" అన్నారంటే వినేవాళ్ళు తలుపు దగ్గర్లో ఉండటం మంచిది. కమిటీ మాత్రం దాన్ని సమ్మతి కింద రాసుకుంది.

ఫిబ్రవరిలో ఒక రోజు తెల్లవారేసరికి ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. గాలి లేదు. చలి మాత్రం ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేంత ఉంది. రోడ్డు పొడిగా ఉంది, ఉప్పుతో తెల్లగా కూడా ఉంది. ఆర్డిస్ మా తలుపు తట్టింది. మంకీ క్యాపు, రెండు మఫ్లర్లు, చంకలో ఫ్లాస్కు.

"నీ ట్రక్కులో నన్ను షెడ్డు దగ్గర దించు. జాకీ కూడా తీసుకురా. దిమ్మెల మీంచి దింపాలి."

"గోర్డన్‌కి తెలుసా?"

"పొద్దున్నే రోడ్డు నాకడానికి పోయాడు. నువ్వు నడువు ముందు."

షెడ్డు తలుపు తెరిచేసరికి లోపల లైటు వెలుగుతోంది. ముసుగు తీసేసి ఉంది. కారు దిమ్మెలు దిగి నేల మీద నిలబడి ఉంది. నాలుగు చక్రాలకీ మంచులో జారని కొత్త టైర్లు. వాటి పక్కన మోకాళ్ళ మీద, స్పానరు చేత్తో పట్టుకుని మా ఉప్పు తనిఖీ అధికారి.

"ఇవెక్కడివి?" అంది ఆర్డిస్.

"మన పాత కారుకని తెచ్చా. సైజు తప్పొచ్చింది," అన్నాడు గోర్డన్, తల ఎత్తకుండా.

"ఈ కారుకి సరిగ్గా సరిపోయేలా తప్పొచ్చిందా?"

"షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడే. ఏం చెయ్యమంటావు!"

ఆర్డిస్ తన మఫ్లర్లలో ఒకటి తీసి ఆయన మెడకు చుట్టింది. నేను తెచ్చిన జాకీని మళ్ళీ ట్రక్కులో పెట్టొచ్చాను.

ఆమె కూర్చుని తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి చచ్చిపోయింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ చచ్చింది. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అప్పుడు గోర్డన్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అయ్యో! పీచు! పొగ గొట్టంలో పీచు తియ్యలా!"

ఆ పీచు కుక్కాలన్న నియమం రాసింది ఆయనే. ప్రతి మే నెలలోనూ ఎవరో ఒకరు అది తీయడం మర్చిపోతారు, ఆయన వాళ్ళకి క్లాసు పీకుతాడు. ఇప్పుడు ఆయనే పొట్ట మీద పడుకుని, చిన్న పట్టకారుతో స్టీలు పీచు ముద్ద బయటికి లాగాడు. ఈసారి ఇంజను అందుకుంది. టాపు తీయబోతే మడతల్లోంచి ఎలుకల గూడు జారిపడింది. అందులో టాపు గుడ్డ ముక్కలు, సీటులో దూది, కారు ముసుగు అంచు, తలాపున దిండులా ఒక కలరా ఉండ. ఇన్నేళ్ళ సంరక్షణలో దినదినాభివృద్ధి చెందింది ఎలుకల కుటుంబమొక్కటే. టాపుకు పడిన కంతలోంచి నా తల దూరుతుంది.

"ఇంక ఇది మూసినా తెరిచినా ఒకటే," అన్నాడు గోర్డన్ నీరసంగా.

"అయితే తెరిచే పోదాం. ఎక్కవయ్యా," అంది ఆర్డిస్.

వాళ్ళు మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళడం నేను వెనక ట్రక్కులోంచి చూశాను. ఎర్ర కారు, రెండు ఉన్ని టోపీలు, ఇద్దరి మీదా ఒకటే రగ్గు. అడుగున ఉప్పు చిటపటలాడిన ప్రతిసారీ గోర్డన్ భుజాలు ముడుచుకున్నాయి. బేకరీ ముందు క్లారెన్స్ చేతిలో రొట్టెతో కొయ్యబారి నిలబడ్డాడు. ఆయన భార్య వెర్నా పక్కనే ఉంది. ఆర్డిస్ కారు ఆపింది.

"ఎక్కుతావా క్లారెన్స్? గోర్డన్ దిగుతాడు. వంతెన దాకా ఒక చుట్టు తిప్పి తెస్తా."

క్లారెన్స్ ఆ కారు వైపు చాలాసేపు చూశాడు. సరస్సు మీద మంచు ఎండకి మెరుస్తోంది. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"పొండీ, ఎక్కండీ!" అంది వెర్నా. "మనది ఎలాగూ తీయరు. ఇదైనా ఎక్కండి."

"మేలో తీస్తానన్నాను కదే," అన్నాడాయన వెనక్కి తగ్గుతూ. "ఈసారి నిన్ను లైట్‌హౌసు దాకా తీసుకెళ్తా. మే ఎంతో దూరం లేదు."

ఆర్డిస్ లైట్‌హౌసు దాకా వెళ్ళింది. అక్కడ ఫ్లాస్కులో కాఫీ తాగారు. తిరిగొచ్చేటప్పుడు మా ట్రక్కును దాటి పోతూ హారను కొట్టింది. నలభై ఏళ్ళు పిల్లల బస్సు నడిపిన ఆ మనిషి మొహంలో అంత పొగరు నేనెప్పుడూ చూడలేదు. చూసి కడుపు నిండింది.

కమిటీ అత్యవసరంగా సమావేశమై, ఎర్ర కారును "ఉప్పు తగిలినది"గా ప్రకటించి సంఘం నుంచి వెలివేసింది. గోర్డన్ పదవి ఊడింది. వెలి పడ్డ కారుకు నియమాలు వర్తించవు కాబట్టి ఆర్డిస్ మార్చి దాకా ఎండ కాసిన ప్రతి రోజూ నడిపింది. కూరగాయలకీ, చర్చికీ, చివరికి కంటి పరీక్షకి కూడా దాన్లోనే వెళ్ళింది. పరీక్షలో అనుకున్నట్టే తప్పింది. తిరిగి వచ్చేటప్పుడు గోర్డన్ నడిపాడు. ఆమె ఆయనకు దారి పొడుగునా తప్పులు చెప్పింది.

ఆ వారమే క్లారెన్స్ నిద్రలోనే కన్నుమూశాడు. మంచి మనిషి. ఆ మాట వ్యంగ్యం కాదు.

అంత్యక్రియల ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో, హ్యాం శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర, వెర్నా చుట్టూ అందరం చేరాం. మా ఊళ్ళో చలికాలంలో పోయినవాళ్ళను వెంటనే పూడ్చరు. నేల రాయిలా గడ్డకట్టి గడ్డపార దిగదు. మంచు కరిగి మన్ను మెత్తబడేదాకా శవపేటికను శ్మశానంలో రాతి గదిలో పెట్టి తాళం వేస్తారు. చక్కటి గది. పొడిగా ఉంటుంది, ఎలుకలు దూరవు, ఉప్పు తగలదు.

"మేలో పూడుస్తారట," అంది వెర్నా, చేతిలో రుమాలు మడత పెడుతూ.

సంఘం కొత్త అధ్యక్షుడు ఆమె భుజం తట్టాడు. పాపం, ఓదార్చాలనే అన్నాడు.

"మే ఎంతో దూరం లేదులేమ్మా."