పెట్టెలో వచ్చిన దారం

శుక్రవారం పొద్దున్న కాఫీ తాగుతూ ఆర్విడ్ వేసుకున్న లెక్క ప్రకారం అది అరగంట పని. కొత్త గాలపు రీళ్లు రెండింటినీ పెట్టెల్లోంచి తీయడం, కంపెనీ వాళ్లు చుట్టి పంపిన దారం పీకి పారేయడం, మంచి దారం చుట్టడం. ఆ తర్వాత చేతులు కడుక్కుని మధ్యాహ్నం చర్చిలో పడవల దీవెన భోజనానికి వెళ్లడం. మర్నాడు తెల్లవారితే మినెసోటా అంతటా వాలై చేపల వేట మొదలు.

కంపెనీ దారమంటే ఆర్విడ్‌కి గిట్టదు. అది ఏ గోడౌన్లో ఎన్నాళ్లు మగ్గిందో ఎవరికీ తెలియదు. నీళ్లలోకి విసిరితే స్ప్రింగులా చుట్టుకుపోతుంది. నిరుడు అలాంటి దారమే, పెద్ద చేప పడవ అంచుదాకా వచ్చాక పుటుక్కున తెగింది. చేప పోయినందుకు ఆర్విడ్ ఏడవలేదు, పడవ పోయినందుకు ఏడ్చాడు. మామగారు కన్నుమూస్తూ తన పడవని కొడుకు మెర్ల్‌కీ, అల్లుడు ఆర్విడ్‌కీ ఉమ్మడిగా ఇచ్చి, తొలిరోజున ఎవరు పెద్ద చేప పడితే ఆ వేసవంతా పడవ వాళ్లదని చెప్పి పోయాడు. అప్పటినుంచీ పడవ మెర్ల్ పెరట్లోనే ఉంది. వేసవి వేసవంతా మెర్ల్ పడవలోంచి చెయ్యి ఊపడం, ఆర్విడ్ రేవు మీద కుర్చీలో కూర్చుని తిరిగి ఊపడం. ఈ ఊపుడుతో ఆర్విడ్‌కి విసుగెత్తిపోయింది.

అందుకే ఈసారి రహస్యంగా సన్నటి ఆకుపచ్చ అల్లిక దారం తెప్పించాడు. లాగితే చెయ్యి తెగాలే గానీ దారం తెగదు. దాంతో ఒకటే చిక్కు. నున్నటి రీలు మీద నేరుగా చుడితే పట్టు దొరక్క గిర్రున జారిపోతుంది. ముందు కాస్త మామూలు నైలాన్ దారం చుట్టి, దాని కొసకి అల్లిక దారం ముడెయ్యాలి. ఆర్విడ్ షెడ్డులో మొదటి రీలుని బల్ల మీది వైస్ దవడల మధ్య బిగించి, కంపెనీ దారం చేత్తోనే పీకి, తడిగుడ్డతో పట్టి కొత్తది అందంగా చుట్టాడు. భుజం పీకేసింది. రెండో రీలుకి తెలివైన ఉపాయం తట్టింది.

"లవోన్, నువ్వు చర్చి భోజనాలకి హాట్‌డిష్ గిన్నె పట్టుకెళ్లేటప్పుడు రీలు దారం కొస మన పికప్ బండి వెనక కట్టుకుపో. నువ్వు వెళ్తుంటే రీలు దానంతటదే ఖాళీ అయిపోతుంది," అన్నాడు భార్యతో.

"నన్ను గాలానికి గుచ్చి పంపుతున్నారన్నమాట," అంది లవోన్. చర్చి రోడ్డుకి అవతలే అయినా, ఆ ఊళ్లో ఎదురింటికైనా బండిలోనే వెళ్తారు.

సరిగ్గా అప్పుడే మెర్ల్ పడవని బండి వెనక తగిలించుకుని వచ్చాడు. వేట ముందురోజు పడవని ఆర్విడ్ వాకిట్లో పెట్టడం ఆనవాయితీ. ఆర్విడ్ గబగబా రీళ్ల మీద తువ్వాలు కప్పి బయటికొచ్చాడు.

"ఏం బావా, షెడ్డులో ఏం చేస్తున్నావ్? దారానికి మంత్రాలు చదువుతున్నావా?"

"గొడ్డలి సాన పెడుతున్నా బావా. రా, కాఫీ తాగుదువుగాని."

మెర్ల్ వద్దన్నాడు. ఆర్విడ్ మళ్లీ అడిగాడు. మెర్ల్ మళ్లీ వద్దన్నాడు. మూడోసారి అడిగితే తప్ప ఒప్పుకోకూడదు కనుక మూడోసారి ఒప్పుకున్నాడు. ఆపైన కదిలితే ఒట్టు. నిరుడు తను పట్టిన చేప కథ మొదట్నుంచీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ చేప ఒక బెత్తెడు పెరుగుతోంది.

లవోన్ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏమండీ, వేళవుతోంది. ఆ పని నేనే చేసుకుని వెళ్లనా?" అని కళ్లతో షెడ్డు వైపు చూపించింది. బావమరిది ఎదుట ఏ రీలో చెప్పలేక ఆర్విడ్ తల ఊపి ఊరుకున్నాడు. ఆవిడ షెడ్డులోకి వెళ్లి తువ్వాలు తీసింది. ఒక రీలు వైస్‌లో బిగించి సిద్ధంగా కనిపించింది. ఆవిడ దృష్టిలో దారమంటే దారమే. కొస లాగి పికప్‌కి కట్టుకుని, చల్లగా బయల్దేరింది.

ఈలోగా మెర్ల్ వెళ్తానని లేచాడు. ఆ ఊళ్లో వెళ్తానని లేవడం వెళ్లడంలో మొదటి అంకం మాత్రమే. గుమ్మం దగ్గర కాసేపు, వరండాలో కాసేపు, బండి తలుపు పట్టుకుని ఇంకాసేపు. వరండా అంకం నడుస్తుండగా మెర్ల్ వీపు వెనక, గడ్డి మీదుగా, ఆకుపచ్చ దారం సరసరా పాకుతూ రోడ్డు వైపు పోవడం ఆర్విడ్ చూశాడు.

ఇందాకటిదాకా ఎప్పుడు పోతాడా అని మొక్కుకున్న మనిషిని ఇప్పుడు పోనివ్వడానికి లేదు. వెనక్కి తిరిగితే గుట్టు రట్టు!

"ఇంకేంటి బావా, మోకాలి నొప్పి ఎలా ఉంది?" అన్నాడు ఆర్విడ్.

మెర్ల్ ముఖం విప్పారింది. ఇన్నేళ్లలో బావ తన మోకాలి గురించి అడగడం ఇదే మొదటిసారి. ఎడమ మోకాలు పూర్తిచేసి కుడి మోకాల్లోకి వచ్చేసరికి షెడ్డులో రీలు కీచుమని అరిచి, టప్‌మని చప్పుడై ఆగింది. నైలాన్‌తో వేసిన ముడి ఊడిపోయిందని ఆర్విడ్‌కి అర్థమైంది.

అవతల లవోన్ హాట్‌డిష్ ఒలక్కుండా మెట్ల పక్కనే బండి ఆపాలని, చోటు కోసం చర్చి చుట్టూ నిదానంగా రెండు ప్రదక్షిణలు చేసింది. ఆకుపచ్చ రంగు తలుపుల మీద ఆకుపచ్చ దారం బిగుసుకుంది. ఎవరికీ కనిపించలేదు.

మెర్ల్ ఎట్టకేలకి బండెక్కాక, ఆర్విడ్ పరుగున చర్చికి చేరాడు. ఊరు ఊరంతా వేడి గిన్నెలు పట్టుకుని మెట్ల మీద బారు తీరి ఉంది. ముందున్న హెజల్ ముసలమ్మ తలుపు ఒక్కసారి లాగి చూసి, రాకపోతే, లోపల పాస్టరుగారు ప్రార్థనలో ఉన్నారనుకుంది. రెండోసారి లాగడం మర్యాద కాదు. వెనకవాళ్లు ముందువాళ్లని ఎందుకని అడగడం అంతకన్నా మర్యాద కాదు. చలిగాలికి గిన్నెలు చల్లారిపోతున్నా అందరూ వాతావరణం బాగుందని చెప్పుకుంటున్నారు.

లోపల పాస్టర్ నార్డాల్ ఖాళీ బల్లల మధ్య కూర్చుని, పోయిన ఆదివారం ఊళ్లోవాళ్ల పిసినారితనం మీద చేసిన ప్రసంగాన్ని తలుచుకుని, అందుకే ఎవరూ రాలేదని కుమిలిపోతున్నాడు.

లవోన్ మాత్రం బండి దిగుతూనే దారాన్ని చూసి, వెనక కట్టిన కొస గుట్టుగా విప్పేసింది. భర్త చెవిలో, "ఏమండీ, దేవుణ్ణే కట్టేశారు," అంది.

"కోసెయ్యనా?"

"కోస్తే మీదని తెలుస్తుంది. మా అన్నయ్య వస్తున్నాడు, కాస్త ఆ మొహం సరిచేసుకోండి."

మెర్ల్ బారుని చూశాడు, తలుపుని చూశాడు, వంగి దారాన్ని చూశాడు. జేబులోంచి చాకు తీసి పరపరా కోశాడు. తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. లోపల్నుంచి పాస్టరుగారు పరుగెత్తుకొచ్చి, "నేను మరీ కటువుగా మాట్లాడాను, క్షమించండి!" అంటూ ముందుగా దొరికిన మెర్ల్‌ని కావలించుకున్నాడు. ఆ పూట దీవెనలో మెర్ల్ పేరు మూడుసార్లు వచ్చింది.

భోజనాలయ్యాక అందరూ వెళ్తుంటే మెర్ల్ మాత్రం చర్చి చుట్టూ తిరుగుతూ దారాన్ని శ్రద్ధగా చేతికి చుట్టుకుంటున్నాడు.

"ఎవడో వెధవ ఇంత మంచి దారం పారేశాడు బావా! కోసినా ఇంకా బోలెడుంది. రాత్రికి నా రీలుకి చుట్టేస్తా."

ఆ దారం తనదంటే ఆర్విడ్ ఊళ్లో తలెత్తుకోలేడు, కాదంటే పడవ పోతుంది. ఎరల కొట్టుకి పరుగెత్తితే అక్కడ దారపు పోగు కూడా మిగల్లేదు. ఇక ఉన్నది రెండో రీలు, దాని మీద కంపెనీ దారం. ఆ రాత్రి ఆర్విడ్‌కి నిజంగా ఏడుపొచ్చింది.

తెల్లవారి పడవలో మెర్ల్ రీలు ఆకుపచ్చగా మెరిసిపోతోంది. ఆర్విడ్ మనసు ఊరుకోలేదు.

"బావా, దాని కింద ముందు నైలాన్ చుట్టావా?"

"ఎవరికి చెప్తున్నావ్ బావా? నిరుడు దారం తెంపుకున్నది నువ్వా నేనా?"

ఆర్విడ్ తన గాలం నీళ్లలోకి విసిరాడు. కాసేపటికి మెర్ల్ కర్ర విల్లులా వంగింది. మెర్ల్ పిడి తిప్పాడు. పిడి తిరిగింది, రీలు తిరిగింది, దాని మీది దారం మాత్రం గిర్రున జారుతూ చేపతోనే పోయింది. ఎంత తిప్పినా చేప ఒక్క బెత్తెడు ఇటు రాలేదు. ఇష్టమొచ్చినంత దూరం పోయి, తీరిగ్గా గాలం వదిలించుకుని వెళ్లిపోయింది.

అదే సమయానికి ఆర్విడ్‌కీ ఒకటి తగిలింది. దారం తెగుతుందేమోనన్న భయంతో అతను దాన్ని లాగనే లేదు. బతిమాలాడు. పోతానంటే పోనిచ్చాడు, వస్తానంటే రానిచ్చాడు. చంటిపిల్లని నిద్రపుచ్చినంత ఓపిగ్గా పడవ దగ్గరికి తెచ్చుకున్నాడు. మూరెడు పొడుగు వాలై వలలో పడేసరికి ఆర్విడ్ ఎగిరి గంతేశాడు, పడవ ఊగింది, మెర్ల్ టోపీ నీళ్లలో పడింది.

"ఒప్పుకున్నా బావా, పడవ నీదే. నిజం చెప్పు, ఏం దారం అది?"

"పెట్టెలో వచ్చిందే బావా. కంపెనీ వాళ్లు చుట్టిందే."

మెర్ల్ అతన్ని ఎగాదిగా చూసి, "చెప్పకపోతే చెప్పకు," అన్నాడు.

ఆ వేసవంతా ఆర్విడ్ పడవలోంచి చెయ్యి ఊపుతుంటే, మెర్ల్ చుట్టుపక్కల కొట్లన్నీ గాలిస్తూ ఆ రహస్యపు దారం కోసం వెతికాడు. ఆర్విడ్ ఏదైనా అబద్ధం చెప్పి ఉంటే హాయిగా నమ్మేసేవాడు.