అసిరయ్య గొంతులో కావలి

గెడ్డవలసలో ప్రతి మనిషి గొంతులో చెడ్డ కణాలను పట్టి చంపే కావలి కణాలు పొద్దున్నే నోట్లోంచి దిగి, ఊరి సచివాలయానికి వెళ్లి, హాజరు మిషను మీద వేలిముద్ర వేసి, మళ్లీ గొంతులోకి వచ్చి పనిలో దిగుతాయి. అంతసేపూ ఊరివాళ్లు అరుగుల మీద నోరు తెరుచుకుని కూర్చుంటారు. మిషను మొరాయిస్తే ఇంకాసేపు కూర్చుంటారు.

దల్లి అసిరయ్య టీ పొయ్యి మీంచి దించీదించగానే తాగేవాడు. ఊదుకుని తాగేవాణ్ని ఆ ఊళ్లో మగాడి లెక్కలో వెయ్యరు. కొన్నేళ్లకి అతని అన్నవాహికలో ఒకచోట పొర కమిలి, అక్కడి కణాల తీరు మారింది. కావలి పెద్దకణం అది చూసి, హాజరుకి వెళ్లినప్పుడు సచివాలయం ఉద్యోగి ప్రసన్నకుమార్‌కి చెప్పింది.

"బాబూ, లోపల కొన్నింటి వాలకం బాలేదు. ఇంకా సెడిపోలేదు గానీ సెడిపోయే నడకే."

"క్యాన్సరయిందా?"

"ఇంకా కాలేదు బాబూ."

"ఇంకా కాని జబ్బు ఆరోగ్య పథకంలోకి రాదు. అయ్యాక రండి."

కావలి పెద్ద దండం పెట్టి వెళ్లిపోయింది. అయ్యాక వచ్చింది. ప్రసన్నకుమార్ మాట మీద నిలబడే మనిషి, వెంటనే జబ్బుని మిషన్లో ఎక్కించాడు. గొంతులో గొడవలు జరక్కుండా శాంతి కణాలను అదనంగా వేశారు. కావలి కణాల చేతులు పట్టుకోవడం వాటి పని. చెడ్డ కణాలు కూడా ఆ గొంతులో పుట్టినవే కాబట్టి వాటికీ గుర్తింపు ఇచ్చారు. కదల్లేనంత ముదిరాయని, ఉన్నచోటే హాజరు వేసుకునే సదుపాయమూ ఇచ్చారు.

కావలి కణాలకి ఆ సదుపాయం లేదు. అవి వరసలో నిలబడి నిలబడి సాయంత్రానికి గొంతు చేరేవి. అప్పటికి చెయ్యెత్తే ఓపిక ఉండేది కాదు. కొన్ని విసిగిపోయి, చెడ్డ కణాలు కట్టిన గడ్డకే నీళ్లు మోస్తూ బతికాయి.

అసిరయ్యకి ముద్ద దిగడం మానేసింది. తర్వాత జావలాంటి చోడంబలి, ఆ తర్వాత మంచినీళ్లు. మనిషి తిండిలేకే పోతాడని అందరికీ తెలిసింది. ఒకనాటి పొద్దున భార్య సింహాలమ్మ, అతని పెదవి దిగుతున్న కావలి పెద్దని ఆపింది.

"నా మొగుడి గొంతులో మీరేటి సేత్తన్నారు?"

"హాజరేత్తన్నామమ్మా."

"మిగతా టైములో?"

"మిగతా టైము లేదమ్మా."

సింహాలమ్మ లోపలికెళ్లి తువ్వాలు తెచ్చింది.

"మావా, రేపట్నుంచి నువ్వు నోరు తెరవకు."

"ఎల్లకపోతే ఆటి ఉద్యోగాలు పోతాయే."

"నువ్వే పోతే ఆటికి ఉద్యోగమెక్కడుంటాది? మూసుకో."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాట వింటున్నా, అసిరయ్య పాటించడం అదే మొదలు. ఆర్‌ఎంపీ డాక్టరు చేతికి సెలైను పెట్టాడు. సింహాలమ్మ దవడ కలిపి తువ్వాలు బిగించింది. కావలి కణాలు పళ్ల దాకా వచ్చి, దారిలేక వెనక్కి తిరిగాయి. చెయ్యడానికి వేరే ఏమీ లేక తమ పని చేశాయి. శాంతి కణాల చేతులు విదిలించుకున్నాయి. నీళ్లు మోసేవి సిగ్గుపడి కుండలు కింద పెట్టి, వాటితో కలిశాయి. లోపల జరిగిన కొట్లాట వీధిలోకి వినిపించింది. పక్కింటివాళ్లు జాతరేమో అనుకున్నారు.

తువ్వాలు విప్పిన రోజున సింహాలమ్మ ఎండుచేపల పులుసుతో ముద్ద కలిపి పెట్టింది. దిగింది. అసిరయ్య రెండో ముద్ద అడిగాడు. మూడోది అడక్కుండా తనే కలుపుకున్నాడు. ఊరు డప్పులు తెచ్చింది. అతన్ని భుజాల మీద ఎక్కించుకుని సచివాలయం దాకా ఊరేగించారు.

ప్రసన్నకుమార్ కూడా సంతోషించి మిషను చూశాడు.

"ఈ గొంతులో కావలి కణాలన్నీ గైర్హాజరు. అయినా జబ్బు పోయింది. అంటే కావలి లేకపోయినా పోతుందన్నమాట."

"అది కాదు బాబూ, ఆటివల్లే..." అంది సింహాలమ్మ.

"మీ ఆయన బతికాడా లేదా అమ్మా?"

"బతికేడు."

"మరింకేం?"

సింహాలమ్మ మొగుడి మూతికంటిన పులుసు కొంగుతో తుడిచింది.

పై ఆఫీసు ఆ మాటే ఖాయం చేసి, ఊళ్లో అందరి గొంతుల్లోనూ కావలి పోస్టులు రద్దు చేసింది. ఇక పొద్దున్నే అరుగుల మీద కూర్చునే బాధ తప్పిందని జనం చప్పట్లు కొట్టారు. వీడ్కోలు సభ పెట్టి, కావలి కణాలకి శాలువాలు కప్పాలన్నారు. వాటిని దింపడానికి ఊరంతా వరసలో నిలబడింది. అందరికన్నా ముందు నిలబడ్డ అసిరయ్య, అందరికన్నా పెద్దగా నోరు తెరిచాడు.