జెయింట్ వీల్ దగ్గర మనవాళ్ళెవరూ లేరు

బక్రీదు దగ్గర పడుతోందనగా ఒక శుక్రవారం పొద్దున వహీద్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ భార్యకు సెలవుల పథకం వివరించాడు. మొదటి వేలు నిజ్వా కోట. రెండోది సూర్‌లో పడవలు తయారుచేసే చోటు. మూడోది నఖల్ దగ్గర వేడినీళ్ళ ఊట. నాలుగోది షినాస్ సముద్రం. పొద్దున పోవడం, రాత్రికి రావడం, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. బొటనవేలు మిగిలిపోయింది. దాన్నేం చేయాలో తోచక కాసేపు గాలిలో ఊపాడు.

"ఎట్లుంది?" అన్నాడు.

"మీ ఇష్టం," అంది వజీరున్నీసా.

తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ మాటే అంటోంది. తొమ్మిదేళ్ళుగా ఆయన దాన్ని నమ్ముతున్నాడు.

వహీద్‌ది కడప. గల్ఫ్‌లో అల్ అమెరాత్ అనే చోట ఇళ్ళు కట్టే ఒక కంపెనీలో స్టోర్ కీపర్. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద ఊరికి పోయేవాడు. పోయిన రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా ఇంటినిండా చుట్టాలే. ఈసారి మాత్రం భార్యకూ, ఏడేళ్ళ కూతురు ఉమైమాకూ విజిట్ వీసా దొరికింది. అదీ మూడు నెలలే. ఆ నెలల్లో చాలాభాగం డ్యూటీలోనూ, ఓవర్‌టైంలోనూ కరిగిపోయింది. వాళ్ళుండేది కంపెనీ వ్యాను డ్రైవరు ఖమరుద్దీన్ ఫ్లాట్‌లో ఒక గది. అవతలి గదిలో ఖమరుద్దీన్, ఆయన భార్య ముంతాజ్, ముగ్గురు ఆడపిల్లలు. గోడ పలచన. వజీరున్నీసా దగ్గితే ముంతాజ్ అల్లం కషాయం తెచ్చేది.

పండుగ సెలవు వారం రోజులు. అది అయిపోగానే తల్లీకూతుళ్ళు తిరుగు విమానం ఎక్కాలి. వజీరున్నీసాకు కోటల మీద కోపం లేదు, పడవల మీదా లేదు. మొగుడితో తీరిగ్గా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోవాలని ఉంది, అంతే. ఇన్నేళ్ళ కాపురం అంతా పొట్టి సెలవుల్లోనే గడిచింది, మళ్ళీ ఈ సెలవును కూడా నాలుగు ముక్కలు చేయడం ఆమెకు నచ్చలేదు. ఆ సంగతి నోటితో చెబితే బాగుండేది.

"అబ్బా, నాకు కోట వద్దు. పార్కుకు పోదాం," అంది ఉమైమా తండ్రితో. షినాస్ అవతల సముద్రం ఒడ్డున కొత్తగా ఒక పెద్ద పార్కు తెరిచారనీ, జెయింట్ వీలూ, నీళ్ళలో జారే బల్లలూ, పక్కనే ఉండటానికి గుడారాలూ ఉన్నాయనీ, వారం రోజులకు ఒకటే టికెట్ అనీ ముంతాజ్ పిల్లలు చెప్పారు.

"వారమంతా ఒకటే పార్కా? రోజూ బిర్యానీ తింటే బిర్యానీ కూడా మొహం మొత్తుతాది బేటీ," అని నవ్వేసి వహీద్ నమాజుకు బయలుదేరాడు. అక్కడే మొదటి తప్పు జరిగింది. మసీదు బయట నలుగురు కనబడితే నాలుగు వేళ్ళూ వాళ్ళ ముందు కూడా ముడిచాడు.

గల్ఫ్‌లో ఒక ధర్మం ఉంది. ఎవరైనా ఎటైనా పోతుంటే, అటువైపు ఉన్న మనవాళ్ళకు ఏదో ఒకటి చేతికిచ్చి పంపాలి. తీసుకుపోయేవాడు కాదనకూడదు. వహీద్ అసలే కాదనలేడు. ఉమైమా వేసుకున్న గౌన్లన్నీ పరాయివాళ్ళ సూట్‌కేసుల్లోనే కడపకు చేరాయి మరి. పైగా ఆరుసార్లు తప్పి ఏడోసారికి లైసెన్సు తెచ్చుకుని, ఒక పాత కారు కూడా కొన్నాడాయె.

సాయంత్రానికల్లా నిజ్వాకు ఒక కుట్టుమిషనూ, సూర్‌కు రెండు డబ్బాల ఆవకాయా, నఖల్‌కు ఎవరి బావమరిదికో పరుపూ వచ్చి చేరాయి. షినాస్‌కైతే ముంతాజ్ స్వయంగా వచ్చి చెప్పింది.

"మా చెల్లె రుఖయ్యా అక్కడే ఉంది వహీద్ భాయ్. కుర్బానీ మాంసం జర ఐసు డబ్బాల పెట్టిస్తా. బరువేం ఉండదు."

రెండు రోజులకు గదిలో మంచం కనబడలేదు. నఖల్ పరుపు మీద ఉమైమా గంతులేస్తోంది. వజీరున్నీసా కుట్టుమిషను పక్కన ఒదిగి కూర్చుని అన్నం తింటూ అడిగింది. "ఏమండీ, కారులో నేనేడ కూర్చోవాల?"

వహీద్ ఆలోచించాడు. ఆ రాత్రి ఆయన బుర్రలో గొప్ప ఆలోచన వెలిగింది. కోట దగ్గర మనవాళ్ళుంటారు, సముద్రం దగ్గర మనవాళ్ళుంటారు. జెయింట్ వీల్ దగ్గర ఎవరుంటారు? పార్కులో ఎవరి బావమరిదీ కాపురం ఉండడు!

"మన పథకం మారింది," అని పొద్దున్నే ప్రకటించాడు. "నాలుగు ఊర్లూ రద్దు. వారమంతా పార్కులోనే. మనం ముగ్గురమే."

ఉమైమా పరుపు మీద నుంచి కిందికి దూకింది. వజీరున్నీసా ముఖంలోనూ వెలుగొచ్చింది. గుడారం ముందు చాప వేసుకుని, పిల్ల ఆడుకుంటుంటే, మొగుడి పక్కన సాయంత్రాలు కూర్చోవచ్చు. ఆమె చీరలు ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది.

కుట్టుమిషనూ, ఆవకాయా, పరుపూ ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చి వచ్చేసరికి వహీద్‌కు నడుం పట్టేసింది. అయినా మనసు తేలికపడింది. ఆ తేలికలోనే, సామాన్లెందుకు వెనక్కిచ్చావని సైట్‌లో దేవయ్య అడిగితే పార్కు సంగతి చెప్పేశాడు.

దేవయ్య నిజామాబాద్ వైపు మేస్త్రీ. ముగ్గురు జతగాళ్ళతో కలిసి కింది అంతస్తులో ఉంటాడు. మాట వినగానే ఆయన ముఖం విప్పారింది.

"పార్కుకా? మా భూమేశ్ గక్కడ్నే ఉన్నడు భాయ్! మా ఇంటామె గౌరవ్వ తమ్ముడు. గా పెద్ద చక్రం తిప్పేది వాడే!"

వహీద్ చేతిలోని స్టోరు పుస్తకం మూసేశాడు.

"ఏం లేదు, చిన్న వస్తువు," అన్నాడు దేవయ్య. "వానికి మిక్సీల నూరిన తొక్కు సయిస్తలేదు. తిన్నట్టే లేదని ఫోన్ల ఏడుస్తడు. సైట్ల మిగిలిన నల్లరాయి ఉంటే ఇంజనీర్ సాబును అడిగి రోలు చెక్కిన. నీ పుణ్యం ఉంటది."

ఆ చిన్న వస్తువును ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు.

వార్త పాకింది. పార్కుకు పోవాలంటే బర్కా మీదుగా, సొహార్ మీదుగా పోవాలి. ఆ దారి పొడవునా మనవాళ్ళే. పోయిన కుట్టుమిషను దారి మార్చుకుని, బర్కాలో ఇవ్వమని తిరిగొచ్చింది. పరుపు కూడా వచ్చింది, ఈసారి సొహార్‌కు. ముంతాజ్ ఐసు డబ్బా రద్దు కానే లేదు. వాటి వెనకే మనుషులు మొదలయ్యారు.

"వహీద్ భాయ్, మా పిల్లలు మూడు దినాలసంది ఏడుస్తున్నరు," అంది ముంతాజ్. "ఉమైమాకు కూడా తోడుంటది. మేం కూడా వస్తం. రుఖయ్యాను చూసినట్టుంటది."

"మస్తు సంతోషం ఆపా, దాందేముంది," అన్నాడు వహీద్, మనసులో కారు సీట్లు లెక్కపెట్టుకుంటూ.

ముంతాజ్ వస్తే ఖమరుద్దీన్ రావాలి. ఖమరుద్దీన్ వస్తే వ్యాను అద్దెకు మాట్లాడొచ్చు. వ్యాను వస్తుంటే ఖాళీ సీట్లు ఎందుకు వృథా చేయాలని దేవయ్య, ఆయన జతగాళ్ళు ముగ్గురూ. మేస్త్రీలు వస్తుంటే మేమేం పాపం చేశామని పై అంతస్తులో ఎలక్ట్రీషియన్లు. ఇటు వజీరున్నీసా ఇస్త్రీ చేసిన చీరలను మళ్ళీ పెట్టెలో సర్దేసింది. ఏడవలేదు. కానీ ఆ రోజు పప్పులో ఉప్పు వేయలేదు. అందరూ అట్లాగే తినేసి చేతులు కడుక్కున్నారు.

పండుగ మర్నాడు పొద్దున వ్యాను వచ్చి ఆగింది. మర్యాదస్థుడికి అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. వహీద్ తలుపు పట్టుకుని నిలబడి "ముందు మీరు కూర్చోండి ఆపా" అన్నాడు. ముంతాజ్ కూర్చుంది. "దేవయ్యన్నా, మీరు పెద్దోళ్ళు, ఎక్కండి" అన్నాడు. దేవయ్య ఎక్కాడు. "మాదేముందీ, ఎట్లో సర్దుకుంటాం" అని ప్రతి ఒక్కరితో అంటూ అందరినీ ఎక్కించేశాడు. వ్యాను నిండింది. ఉమైమా ముంతాజ్ ఒడిలో ఎప్పుడో ఎక్కి కూర్చుంది. బయట మిగిలింది ఇద్దరే.

"ఫికర్ చెయ్యకండి, మేము కారులో మీ వెనకాలే వస్తాం," అన్నాడు వహీద్.

కారు నిండా సామాను సర్దాడు. ఐసు డబ్బా మాత్రం వ్యానులోకి పోయింది. అన్నిటికన్నా చివర, వెనక డిక్కీలో రోలు పెట్టారు. పెట్టగానే కారు కిందనుంచి టప్పుమని ఒక చప్పుడు వచ్చింది. కారు వెనక భాగం నేలకు ఆనింది. ముందు చక్రాలు ఆకాశం చూశాయి.

"స్ప్రింగు పోయింది," అన్నాడు ఖమరుద్దీన్ కిందికి వంగి చూసి. "పండుగకు గ్యారేజీలన్ని బంద్. దిగండి అందరు, ఏదో ఒకటి చేద్దాం."

ఎవరూ దిగలేదు. దిగితే మళ్ళీ ఆ సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. వహీద్‌కే సిగ్గేసింది. "వద్దు వద్దు, మీరు పోండి. గ్యారేజీ తియ్యగానే బాగుచేయించుకుని మేం వస్తాం. ఉమైమా, దిగు బేటీ," అన్నాడు.

ఉమైమా ముంతాజ్ మెడను రెండు చేతులా పట్టుకుంది. "నేను దిగను. మీరు రండి, నేను చక్రం దగ్గరుంటా."

"నా పిల్లలతో పాటే చూసుకుంటా చెల్లీ, నువ్వు దిల్ చిన్నగ చేస్కోకు," అంది ముంతాజ్. వ్యాను వెళ్ళిపోయింది.

మెట్లెక్కుతూ వజీరున్నీసా కళ్ళు తుడుచుకుంది. వహీద్ వెనకాలే తల వంచుకుని వచ్చాడు. నాలుగు ఊర్లూ పోయాయి, పార్కూ పోయింది, ఉన్న ఒక్క కారూ కూలబడింది. పెళ్ళాం కడపకు పోయి అత్తారింట్లో ఏమని చెప్పుకుంటుంది? తాళం తీసి లోపలికి వచ్చి ఇద్దరూ హాల్లో నిలబడ్డారు.

చప్పుడు లేదు. అవతలి గదిలో టీవీ లేదు, మెట్ల మీద పిల్లలు లేరు. పై అంతస్తులో ఎవరూ సుత్తితో కొట్టడం లేదు. వజీరున్నీసా దగ్గింది. కషాయం రాలేదు.

ముందు ఆమెకు నవ్వొచ్చింది. కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. ఆమె అలా నవ్వడం వహీద్ ఎప్పుడూ చూడలేదు. ఊర్లో నలుగురి మధ్య ఆమె ఎప్పుడూ కొంగు చాటున చిన్నగా నవ్వేది. ఇంత అందమైన నవ్వును ఇన్నేళ్ళు చూడకుండా సిమెంటు బస్తాలకు కాపలా కాశానే అనుకుంటూ ఆయన ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

మధ్యాహ్నం వహీద్ వంటింట్లోకి పోయి చెనిక్కాయలు వేయించాడు. ఎదురింటి సెక్యూరిటీ మనిషి సాయం పట్టగా రోలు పైకి తెచ్చి, ఊరిబిండి పచ్చడి నూరాడు. రాగిసంగటి కెలికాడు. వజీరున్నీసా గడప దగ్గర నిలబడి నోరు తెరిచి చూసింది.

"మీకు వంట వచ్చునా?"

"రూమ్‌లో ఉన్నప్పుడు వండక ఎట్లా? ఇంటికొస్తే మా అమ్మ వంటింట్లో అడుగు పెట్టనిస్తాదా?"

"నాకు చెప్పనే లేదు!" అంది. కొంచెం నొచ్చుకుంది కూడా. తర్వాత రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

సాయంత్రం మేడ మీద చాప వేసుకున్నారు. ఎదురుగా ఎండిన కొండలు ఎర్రబడుతున్నాయి. వజీరున్నీసా కాళ్ళు చాపుకుని మాట మొదలుపెట్టింది.

"నాకు కోటలూ వద్దు, చక్రాలూ వద్దండీ. మీరు లేనప్పుడు మిమ్మల్ని తల్చుకుందామంటే, నా దగ్గర ఏముంది చెప్పండి. ఎప్పుడు తల్చుకున్నా మద్రాసు ఎయిర్‌పోర్టులో పెట్టె పట్టుకుని నిలబడినట్టే కనిపిస్తారు. కొత్తవి కొన్ని నాతో తీసుకుపోదామని వచ్చినా."

వహీద్ చేయి చాచాడు. ఈసారి వేళ్ళు ముడవలేదు. ఆమె చేతిని పట్టుకుని చీకటి పడేదాకా వదల్లేదు.

మర్నాడు ఉమైమా కింద కిరాణా కొట్టుకు ఫోన్ చేసి తండ్రిని పిలిపించింది. "అబ్బా, మీరు ఇప్పుడే రావద్దు. గుడారంలో చోటు లేదు. భూమేశ్ మామ నన్ను రోజూ ఊరికే తిప్పుతాండాడు," అని, జవాబు వినకుండానే పెట్టేసింది.

మూడో రోజు రొట్టెలకని పోయిన వహీద్ తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "గ్యారేజీ ఇంకా తియ్యలేదు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు గోడ వైపు చూశాడు.

వజీరున్నీసా అప్పటికే మేడ మీద బట్టలు ఆరేస్తూ గ్యారేజీ షట్టరు ఎత్తి ఉండటం చూసింది. మెకానిక్ వహీద్‌తో నవ్వుతూ మాట్లాడటం, వహీద్ రెండు చేతులూ అడ్డంగా ఊపి వచ్చేయడం కూడా చూసింది.

"పండుగ కదా, పాపం," అంది రొట్టెలు అందుకుంటూ. "వాళ్ళకు మాత్రం పెళ్ళాం బిడ్డలు ఉండరా?"

వారం గడిచింది. వ్యాను తిరిగొచ్చింది. ఎండకు కమిలి, గుడారంలో దోమలు కుట్టి, ఇసుక మెత్తిన ముఖాలతో అందరూ దిగారు. ఉమైమా ఒక్కతే మళ్ళీ పోదామంది. ముంతాజ్ పరుగున వచ్చి వజీరున్నీసా చేతులు పట్టుకుంది.

"హాయ్ అల్లా! మావల్ల మీ సెలవంత ఖరాబయిపాయె గదా చెల్లీ!"

వజీరున్నీసా తల వంచుకుంది. వహీద్ వీలైనంత బాధగా నిట్టూర్చాడు.

ఆ సాయంత్రమే ఆయన ఖమరుద్దీన్‌ను పక్కకు పిలిచి, వచ్చే బక్రీదుకు ఇంకాస్త పెద్ద వ్యాను దొరుకుతుందేమో కనుక్కోమన్నాడు.